కౌంటర్ మీద పాడి, పందిట్లో కాలిపోయే ఐసీలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం, జయపురం... ఒడిశా సరిహద్దు ఊళ్ళలో యాంప్లిఫయర్ ఐసీ (పాట శబ్దాన్ని పెద్దది చేసే చిప్పు) కొనేటప్పుడు చాలా దుకాణాల్లో జరిగే పరీక్ష ఒకే తీరుగా ఉంటుంది. పరీక్ష బోర్డుకి ఐసీ తగిలిస్తారు. మధ్య తీగకి రెండు పక్కలా 12 వోల్టులిచ్చే 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ ఆన్ చేస్తారు. అరచేతిలో ఇమిడే స్పీకర్లోంచి ఫోన్ పాట వినిపిస్తుంది. పాట వచ్చింది కాబట్టి ఐసీ మంచిదే అని అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ ఒప్పుకుంటారు. వారం తిరక్కుండా అదే ఐసీ పందిట్లో ఫట్‌మని పగిలి, స్పీకర్ కాయిల్‌ను కూడా తనతో తీసుకుపోతుంది.

ఆ పరీక్షలో లోపం ఎక్కడుందో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. ఎల్‌ఎం1875 పేరుతో ఒక ఐసీ కొన్నారనుకుందాం. పేరు నిజమైతే అది రెండు రైళ్ళ (పాజిటివ్, నెగటివ్ సప్లై తీగల) మధ్య 60 వోల్టుల దాకా, అంటే ±30 వోల్టుల సప్లై మీద పనిచేయాలి. పెట్టెలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ 18-0-18. దాన్ని రెక్టిఫై చేస్తే, అంటే డీసీగా మారిస్తే, ±25 వోల్టులు వస్తాయి, ఎల్‌ఎం1875కి అది సుఖమైన వోల్టేజీ. కానీ పైన పేరు చెరిపి మార్చిన ఆ ఐసీ లోపల ఉన్నది టీడీఏ2030ఏ అయితే దాని గరిష్ఠ పరిమితి ±22 వోల్టులే. మామూలు టీడీఏ2030 అయితే ±18. ఈ మూడింటికీ అయిదు కాళ్ళే, కాళ్ళ వరుసా ఒకటే: ఒకటి, రెండు ఇన్‌పుట్లు, మూడు నెగటివ్, నాలుగు అవుట్‌పుట్, అయిదు పాజిటివ్. 12-0-12 మీద వచ్చే ±16 వోల్టుల దగ్గర మూడూ ఒకేలా పాడతాయి. కౌంటర్ మీద జరిగే పరీక్ష సరిగ్గా నకిలీకి అనుకూలమైన చోటే జరుగుతోందన్నమాట.

డూప్లికేట్ ఐసీ అంటే పనిచేయనిది కాదు. తక్కువ వోల్టేజీలో, తక్కువ లోడు మీద, కాసేపు చక్కగా పనిచేస్తుంది. దానికి లేనిది వోల్టేజీని తట్టుకునే శక్తీ, వేడిని పంచుకునేంత సిలికాన్ వైశాల్యమూ. ఈ రెండూ ఖరీదైనవి కాబట్టే నకిలీలో ఉండవు. పరీక్ష కూడా ఆ రెండిటి మీదే పెట్టాలి.

డూప్లికేట్ అనే ఒక్క మాట కింద

మార్కెట్లో డూప్లికేట్ అనే మాట కింద నాలుగు రకాల సరుకు తిరుగుతుంది. మొదటిది పైన చెప్పినట్టు పేరు మార్చినది: చవక ఐసీ ముఖం మీది రాత గీకేసి, నల్లరంగు పూసి, ఖరీదైన నంబరు వేస్తారు. రెండోది పాత బోర్డుల్లోంచి ఊడదీసినది. కాళ్ళకి కొత్తగా సీసం పూసి కొత్తదని అమ్ముతారు. ఇందులో చిప్పు అసలుదే, కానీ ఎంత వేడి తిని వచ్చిందో ఎవరికీ తెలియదు. మూడోది చిన్న చిప్పు పెట్టి, పెద్ద కంపెనీ గుర్తు వేసిన కాపీ. ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే పైపై పరీక్షలన్నీ దాటేస్తుంది. నాలుగోది లోపల చిప్పే లేని డొల్ల. ఇది అరుదు, మీటర్ పెట్టగానే దొరికిపోతుంది.

వీటితో కలపకూడనిది ఇంకొకటి ఉంది. శాన్యో వారి ఎల్‌ఏ4440ని ఆటోల్లో, ఊరేగింపు బండ్లలో, 12 వోల్టుల బ్యాటరీ సెట్లలో ఇప్పటికీ విరివిగా వాడుతున్నారు. శాన్యో సెమీకండక్టర్ వ్యాపారాన్ని 2011లో ఆన్ సెమీకండక్టర్ తీసుకుంది. నేడు దొరికే 4440లలో చాలా భాగం చైనా కంపెనీలు సొంత పేరుతో, సీడీ4440 లాంటి నంబర్లతో చేసేవి. వాటిని నకిలీ అనడం న్యాయం కాదు. ఎవరు చేశారో పైన రాసి ఉంది, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. అదే ఐసీ మీద శాన్యో గుర్తు వేసి, పాత స్టాకు అని రెట్టింపు ధర అడిగితే అప్పుడది మోసం.

పాత స్టీరియో డెక్కుల్లో ఉండే ఎస్‌టీకే ఐసీల వరుస సంగతి మరీ చిక్కు. ఎస్‌టీకే4121 నుంచి ఎస్‌టీకే4191 వరకు ఒకే కుటుంబం. 4121 ఛానెల్‌కి 15 వాట్లు, 4141 అయితే 25, 4191 అయితే 50. కాళ్ళ అమరిక ఒకటే కాబట్టి 4141 మీద 4191 అని రాస్తే బోర్డులో ఏ మార్పూ లేకుండా కూర్చుంటుంది. పైగా ఆ పాత వరుసల తయారీ ఆగిపోయింది. అందువల్ల ఈ రోజు కొత్త ఎస్‌టీకే అని చేతిలో పెడితే అది పాత నిల్వ అయినా కావాలి, ఊడదీసినదైనా కావాలి, కాపీ అయినా కావాలి. మూడోదయ్యే అవకాశమే ఎక్కువ. పాత డెక్కు బాగుచేయాల్సి వస్తే ఎస్‌టీకే కోసం ఊరూరా వెతకడం కన్నా, ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ కొలిచి, దానికి తగిన టీడీఏ7294 ఐసీ బోర్డులు రెండు పెట్టడం మేలు. మిగతా డెక్కు అలాగే ఉంటుంది, ఖర్చూ తక్కువే.

నకిలీలు ఎక్కువగా కమ్ముకునేది ఇలాంటి చోట్లే: తయారీ ఆగిపోయి గిరాకీ ఆగనివి (ఎస్‌టీకేలు, టీడీఏ2050), ఒకే కాళ్ళ వరుసలో చవకదీ ఖరీదైనదీ రెండూ ఉన్నవి (2030-2050-1875, 7294-7293), చేతితో చేసుకునేవాళ్ళు పేరు చూసి కొనేవి (ఎల్‌ఎం3886). పవర్ ట్రాన్సిస్టర్లలో తోషిబా 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943 జంటదీ ఇదే కథ. ఆ జంట గురించి తర్వాత.

కంటి చూపు ఎంతవరకు

పైరాత చూసి నకిలీ పట్టేయడం అందరికీ ఇష్టమైన పద్ధతి. ఉపయోగం ఉంది, కానీ దాన్ని మరీ నమ్ముకోకూడదు. బూతద్దం పెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా ఐసీని వంచి చూడాలి. ముఖం మీద ఒకే దిక్కులో సన్నని గీతలు కనిపిస్తే గరుకు కాగితంతో రుద్దారు. పక్క అంచుల గరుకుదనమూ ముఖం గరుకుదనమూ వేరువేరుగా ఉంటే పైన పూత వేశారు. అచ్చులో ఏర్పడే గుండ్రటి గుంటలు పల్చగా, అంచులు మాసిపోయి ఉన్నా అదే అర్థం. రంగులోకి గుంట సగం మునిగిపోయిందన్నమాట.

దూదికి అసిటోన్ అద్ది ముఖం మీద పది పదిహేను సార్లు రుద్దే పరీక్ష చాలామందికి తెలుసు. దూదికి నలుపు అంటి, కింద మరో రంగు ముఖం బయటపడితే అది కచ్చితంగా పేరు మార్చినది. కానీ నలుపు అంటలేదు కాబట్టి అసలుది అనుకోవడానికి లేదు. అసిటోన్‌కి కరగని పూతలు వచ్చి చాలాకాలమైంది. లేజర్ బదులు సిరాతో అచ్చు వేసిన పాత అసలు ఐసీల్లో రాత కొంచెం చెరిగిపోవచ్చు కూడా. రాత పోయిందా అన్నది కాదు, ముఖం రంగు ఊడిందా అన్నది చూడాలి. ఇంకో సంగతి: ఫ్యాన్సీ షాపులో దొరికే గోళ్ళ రంగు తుడిచే ద్రావకాల్లో కొన్నిట్లో అసలు అసిటోనే ఉండదు. సీసా మీద చదివి కొనాలి.

ఒక్క ఐసీ కన్నా పది ఐసీల గుత్తి ఎక్కువ చెబుతుంది. పదింటినీ బల్ల మీద వరసగా పేర్చి ముందు ముఖాలు, తర్వాత వీపులు చూడాలి. ముఖాల మీద ఒకే తేదీ, ఒకే లాట్ నంబరు ఉండి, వీపు మీద అచ్చు గుర్తులు, లోహం పలక మందం, కాళ్ళ మెరుపు తలా ఒక తీరుగా ఉంటే, రకరకాల చోట్ల నుంచి పోగుచేసి ఒకే ముద్ర వేశారని అర్థం. కాళ్ళ చివరలు కూడా చూడాలి. కారఖానాలో పూత వేశాక కాళ్ళు కత్తిరిస్తారు కాబట్టి కొత్త ఐసీ కాలి కొసన సన్నగా రాగి రంగు కనిపించడం మామూలే. కొస కూడా తళతళలాడుతూ సీసం కప్పి ఉందంటే తర్వాత ఎవరో ముంచి తీశారు. స్క్రూ రంధ్రం చుట్టూ గుండ్రటి ఒత్తిడి గుర్తు, రంధ్రం లోపల హీట్‌సింక్‌కి (వేడిని లాగే లోహపు దిమ్మకి) పూసే తెల్లటి పేస్టు జాడ ఉంటే ఆ ఐసీ ఇంతకుముందు ఎక్కడో కాపురం చేసి వచ్చిందే.

కంపెనీ గుర్తు చూసి తొందరపడి తీర్పు చెప్పడం మాత్రం వద్దు. నేషనల్ సెమీకండక్టర్‌ను టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 2011లో కొనేసింది. ఆ తర్వాతి తేదీ ఉన్న ఎల్‌ఎం3886 మీద పాత నేషనల్ గుర్తు ఉన్నంత మాత్రాన అది నకిలీ కాదు. గుర్తులు తేదీ చూసుకుని ఒక్కరోజులో మారవు.

మీటర్ చెప్పే నిజాలు

కరెంటు ఇవ్వకుండానే మామూలు డిజిటల్ మల్టీమీటర్‌తో చేసే పరీక్షలు కంటి చూపు కన్నా గట్టివి. దీనికి కావలసిందల్లా డేటాషీట్‌లోని (తయారీ కంపెనీ ఇచ్చే వివరాల పత్రంలోని) కాళ్ళ పటం.

మొదట లోహం పలక. టీడీఏ7294లో వీపు పలక ఎనిమిదో కాలికి, అంటే నెగటివ్ సప్లైకి లోపలే కలిసి ఉంటుంది. మీటర్ బీప్ మీద పెట్టి పలకకీ ఎనిమిదో కాలికీ తాకిస్తే బీప్ రావాలి. లోహం పలక ఉన్న ఎల్‌ఎం3886టీలో పలక నాలుగో కాలికి కలుస్తుంది. ఎల్‌ఎం1875, టీడీఏ2030లలో మూడో కాలికి. బీప్ రాకపోయినా, ఇంకో కాలికి వచ్చినా ఆ ఐసీని తిరిగి ఇచ్చేయాలి. ఎల్‌ఎం3886 చివర టీఎఫ్ అని ఉంటే వీపు కూడా ప్లాస్టిక్కే, దానికి ఈ పరీక్ష వర్తించదు. టీఎఫ్ అని రాసి లోహం వీపు కనిపిస్తే ఇక మీటర్ అక్కరలేదు.

7294కి 7293 అని పేరు మార్చి అమ్మడం బాగా జరిగే మోసం, ఎందుకంటే రెండింటికీ అదే పదిహేను కాళ్ళ ఒడ్డూపొడుగూ. తేడా వోల్టేజీలో: 7294కి పని వోల్టేజీ ±40 దాకా, 7293కి ±50 దాకా. ±45 రైలు మీద 7293 కులాసాగా పనిచేస్తుంది, 7294 తన హద్దు దాటి నిలబడి ఉంటుంది. వీటిని విడదీసే కిటుకు కాళ్ళ పటంలోనే ఉంది. 7294లో 5, 11, 12 కాళ్ళు దేనికీ కలపని ఖాళీ కాళ్ళు. 7293లో అయిదో కాలు క్లిప్ డిటెక్టర్, పదకొండు బఫర్ డ్రైవర్, పన్నెండు బూట్‌స్ట్రాప్ లోడర్. మీటర్‌ను డయోడ్ మీద పెట్టి, నల్ల పిన్ను ఒకసారి, ఎర్ర పిన్ను ఒకసారి పలక మీద ఉంచి, రెండోదాన్ని ఈ మూడు కాళ్ళకీ తాకించాలి. తర్వాత పదమూడో, పద్నాలుగో కాళ్ళతో కూడా అలాగే చూడాలి. ఏ దిక్కులో చూసినా మూడు కాళ్ళూ తెరుచుకునే ఉన్నాయంటే, పైన ఏం రాసి ఉన్నా లోపల 7293 లేదు. రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.

టోన్ బోర్డుల్లో వాడే ఎనిమిది కాళ్ళ ఆప్-ఆంప్‌లకీ (చిన్న సిగ్నల్‌ను పెంచే ఐసీలకీ) ఇలాంటిదే ఒకటుంది. ఎన్‌ఈ5532 అని రాసి 4558 అంటగట్టడం మామూలు. 5532 లోపల రెండు ఇన్‌పుట్ల మధ్య ఎదురెదురుగా రెండు డయోడ్లు ఉంటాయి. 2, 3 కాళ్ళ మధ్య డయోడ్ పరీక్ష చేస్తే రెండు దిక్కుల్లోనూ సుమారు 0.6-0.7 వోల్టు చూపాలి. 5, 6 కాళ్ళ మధ్యా అంతే. 4558లో ఆ డయోడ్లు లేవు. అనుమానం ఇంకా తీరకపోతే రెండు 9 వోల్టుల బ్యాటరీలు పెట్టి కరెంటు కొలవాలి. 5532 సుమారు 8 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది, 4558 అందులో సగం కూడా తాగదు.

ట్రాన్సిస్టర్ల జంట సంగతి. డీజే సెట్ల పెద్ద బూస్టర్లలో వరసగా బిగించే 5200-1943ల అసలు రేటింగు 230 వోల్టులు, 15 ఆంపియర్లు, 150 వాట్లు. లోపల చిన్న చిప్పు పెట్టిన నకిలీని కెపాసిటెన్స్ కొలిచే మీటర్‌తో పసిగట్టవచ్చు. కలెక్టర్-బేస్ మధ్య కెపాసిటెన్స్ చిప్పు వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. డేటాషీట్‌లో 10 వోల్టుల దగ్గర 5200కి 200 పీకోఫారడ్లు, 1943కి 360 అని ఇస్తారు. వోల్టేజీ లేకుండా కొలిస్తే ఇంకా ఎక్కువ రావాలి. వోల్టేజీ లేకుండానే 100, 150 దగ్గర ఆగిపోతే లోపల ఉన్నది చిన్న చిప్పే. గెయిన్, అంటే కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందన్నది, కూడా చూడాలి. అసలు దానికి 55 నుంచి 160 మధ్య ఉంటుంది. 200 దాటితే ఎక్కువ గెయిన్ అని సంతోషపడాల్సిన పని లేదు, అది వేరే ట్రాన్సిస్టర్.

కరెంటు ఇచ్చి చూడటం

ఇక్కడి నుంచి పని నెమ్మదిగా జరగాలి. ఉదాహరణకి టీడీఏ7294, దానికి 24-0-24, 5 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్. లోడు లేనప్పుడు రైళ్ళు ±34 నుంచి ±36 వోల్టుల దాకా ఉంటాయి.

ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి 60 వాట్ల ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో పెట్టాలి, ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. రెండు డీసీ రైళ్ళలోనూ ఒక్కొక్క 10 ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ వేయాలి. స్పీకర్ ఉండకూడదు, ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌కి కలిపేయాలి. ఐసీకి హీట్‌సింక్, మధ్యలో కరెంటు దాటనివ్వని మైకా రేకు తప్పనిసరి. ఆన్ చేయగానే బల్బు ఒక్కసారి వెలిగి మందగించాలి, అది కెపాసిటర్లు నిండే వెలుగు. వెలుగు తగ్గకపోతే వెంటనే ఆపేయాలి.

ఇప్పుడు 10 ఓమ్ రెసిస్టర్ రెండు కొసల మధ్య వోల్టేజీ కొలవాలి. 0.3 వోల్టు వస్తే 30 మిల్లీ ఆంపియర్లు, 7294కి అది మామూలు నిశ్చల కరెంటు, అంటే పాట లేనప్పుడు తాగే కరెంటు. 0.2 నుంచి 0.6 వరకు ఒప్పుకోవచ్చు. ఎల్‌ఎం3886 అయితే 0.5 దగ్గర, ఎక్కువలో ఎక్కువ 0.85. పాజిటివ్ రైలూ నెగటివ్ రైలూ దాదాపు సమానంగా ఉండాలి. బోర్డు మీద ఇండికేటర్ ఎల్‌ఈడీ ఉంటే ఆ ఒక్క రైలులో కొంచెం ఎక్కువ కనిపిస్తుంది, అది తప్పు కాదు. అవుట్‌పుట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య డీసీ కొన్ని పదుల మిల్లీవోల్టులు దాటకూడదు.

ఆ తర్వాత 7294 తొమ్మిదో కాలిని ఒకటో కాలికి కలిపి స్టాండ్‌బైలోకి, అంటే నిద్రలోకి, నెట్టాలి. కరెంటు 3 మిల్లీ ఆంపియర్ల లోపుకి పడిపోవాలి, అంటే రెసిస్టర్ మీద 0.03 వోల్టు. ఇది చాలామంది చేయని పరీక్ష, చేయాల్సిన పరీక్ష. స్టాండ్‌బైకి లొంగని 7294 అనేది లేదు. బోర్డు సవ్యంగా ఉండీ కరెంటు కదలకపోతే, లోపల వేరే సర్క్యూట్ ఉంది.

2030-1875 కుటుంబంలో మాత్రం ఈ నిశ్చల కరెంటు తీర్పు చెప్పలేదు. ఎల్‌ఎం1875కి మామూలుగా 70 మిల్లీ ఆంపియర్లు, 2030ఏకి 50 అని ఉన్నా, రెండింటి హద్దులూ ఒకదాని మీద ఒకటి పడతాయి. అక్కడ ఉన్న ఒకే మార్గం వోల్టేజీ పెంచి చూడటం. పది కొంటే ఒకటి బలి ఇవ్వాలి: ±28 వోల్టుల మీద, 8 ఓమ్‌ల లోడుతో, అరగంట. అసలు ఎల్‌ఎం1875కి అది రోజువారీ పని.

లోడు పరీక్షకి స్పీకర్ వాడకూడదు. 1 ఓమ్, 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్లు ఎనిమిది సీరీస్‌లో కలిపితే 8 ఓమ్‌లు, 80 వాట్ల లోడు తయారవుతుంది. వాటి మీదకి టేబుల్ ఫ్యాన్ గాలి తగలాలి. సీరీస్ బల్బూ 10 ఓమ్ రెసిస్టర్లూ తీసేసి, రైళ్ళలో 2 ఆంపియర్ ఫ్యూజులు వేయాలి. ఫోన్‌లో సిగ్నల్ జనరేటర్ యాప్‌తో 200 హెర్ట్జ్ సైన్ స్వరం పెడితే మామూలు మీటరూ ఏసీ వోల్టేజీ సరిగ్గానే చూపుతుంది. లోడు మీద 9 వోల్టులు వస్తే 10 వాట్లు. 15.5 వస్తే 30 వాట్లు. 20 వస్తే 50 వాట్లు. ఒక్కో మెట్టు మీద పది నిమిషాలు ఆగాలి.

ఈ మెట్లలో మధ్యది ముఖ్యం. చాలామంది ఫుల్ వాల్యూమ్‌లోనే ఐసీకి ఎక్కువ కష్టం అనుకుంటారు. 7294 లాంటి క్లాస్ ఏబీ ఐసీ ఎక్కువ వేడెక్కేది అవుట్‌పుట్ శిఖరం రైలు వోల్టేజీలో సుమారు 64 శాతం ఉన్నప్పుడు. ±35 రైళ్ళకి అది 22 వోల్టుల శిఖరం, మీటర్ మీద 15.8. అక్కడ లోడులోకి 31 వాట్లు వెళ్తుంటే, ఐసీలో వేడిగానూ 31 వాట్లే మిగులుతాయి. నకిలీ చిన్న చిప్పు చేతులెత్తేసేది ఇక్కడే. 50 వాట్ల దగ్గర నిలబడి, 30 దగ్గర పోయే ఐసీలు ఉంటాయి.

చివరగా స్వరం గరగరలాడటం మొదలయ్యే ముందు ఎంత వోల్టేజీ వచ్చిందో చూసి, అదే సమయంలో రైలు వోల్టేజీ కూడా కొలవాలి. మీటర్ చూపిన ఏసీని 1.414తో గుణిస్తే వచ్చేది రైలుకి మూడు నాలుగు వోల్టుల దగ్గర దాకా వెళ్ళాలి. ఎనిమిది పది వోల్టులు తక్కువలోనే గరగర వస్తే లోపలి అవుట్‌పుట్ దశ చెప్పిన నంబరుది కాదు.

షార్ట్ సర్క్యూట్ రక్షణ ఉందో లేదో అని అవుట్‌పుట్‌ను గ్రౌండ్‌కి తాకించి చూసేవాళ్ళు ఉన్నారు. అది పరీక్ష కాదు, పందెం.

అసలు ఐసీ మీద పడే నిందలు

కాలిపోయిన ప్రతిదీ డూప్లికేటే అనడం ఇప్పుడొక అలవాటైంది. దుకాణదారుల వాదనలో కొంత న్యాయం ఉందని ఒప్పుకోవాలి. వేడి లెక్కే చూద్దాం. 7294లో చిప్పు నుంచి పలక దాకా ఉష్ణ నిరోధం వాటుకి 1.5 డిగ్రీల దాకా. 31 వాట్లకి 46 డిగ్రీలు. మైకా, పేస్టు కలిపి వాటుకి అర డిగ్రీ అనుకుంటే 15. మే నెలలో రాయగడ గాలి 40. హీట్‌సింక్ వాటుకి ఒక డిగ్రీది అయితే ఇంకో 31. అన్నీ కలిపితే 132. ఐసీ 145 డిగ్రీల దగ్గర తనంతట తాను మ్యూట్ అవుతుంది కాబట్టి గట్టెక్కుతుంది. అదే హీట్‌సింక్ సగం సైజుది, వాటుకి 2 డిగ్రీలది పెడితే లెక్క 163కి పోతుంది. అసలు ఐసీ కూడా పాట మధ్యలో మూగబోయి, చల్లారాక మళ్ళీ అందుకుంటుంది. 8 ఓమ్‌ల చోట 4 ఓమ్‌ల బాక్సు తగిలిస్తే వేడి రెట్టింపై 62 వాట్లవుతుంది. అప్పుడు ఏ హీట్‌సింకూ కాపాడలేదు. పాట ఆగి, చల్లారి, తిరిగి రావడం మంచి లక్షణమే. ఆ రక్షణ సర్క్యూట్ నకిలీల్లో తరచు ఉండదు, ఉన్నా సమయానికి మేల్కోదు. మూగబోయే ఐసీని తీసి పారేసి, మూగబోని దాన్ని పెట్టుకుని మురిసిపోవడం తలకిందుల తెలివి.

పలక నెగటివ్ రైలులో ఉందన్న సంగతి మరిచి, మైకా లేకుండా హీట్‌సింక్‌కి బిగించి, ఆ హీట్‌సింక్‌ను గ్రౌండైన పెట్టెకి తగిలిస్తే రైలు నేరుగా షార్ట్. ఐసీ కాళ్ళ పక్కనే ఉండాల్సిన 100 నానోఫారడ్ కెపాసిటర్లు లేకపోతే వినిపించని పౌనఃపున్యంలో ఊగిసలాడి, పాట లేకుండానే వేడెక్కి చచ్చిపోతుంది. ఎల్‌ఎం3886లో గెయిన్ 10 కన్నా తగ్గిస్తే అదే గతి. దాని ఎనిమిదో కాలు మ్యూట్. అందులోంచి నెగటివ్ రైలుకి కనీసం అర మిల్లీ ఆంపియర్ పారితేనే నోరు విప్పుతుంది. ±28 రైళ్ళ మీద 33 కిలో ఓమ్‌ల రెసిస్టర్ సరిపోతుంది. ఆ రెసిస్టర్ వేయకుండా, ఐసీ డెడ్ అని తిప్పి పంపిన సందర్భాలు తక్కువేమీ కాదు.

వోల్టేజీ సంగతి మన ప్రాంతానికి ప్రత్యేకం. పల్లె చివర్న రాత్రి లోడు తగ్గాక లైను 250 వోల్టులకి ఎగబాకుతుంది. 230 దగ్గర ±38 ఇచ్చే 28-0-28 ట్రాన్స్‌ఫార్మర్ అప్పుడు ±41 ఇస్తుంది. బరంపురం ఠాకురాణీ యాత్రలోనో, రాయగడ మజ్జిగౌరమ్మ జాతరలోనో అర్ధరాత్రి దాటాకే సెట్లు ఎందుకు పోతాయంటే కారణాల్లో ఇదొకటి. 7294కి 24-0-24 మించి పోకపోతే ఆ భయం ఉండదు.

బోర్డుల మీద రాసే వాట్లు

రెడీమేడ్ బోర్డు కొనేటప్పుడు ఐసీ ముఖం హీట్‌సింక్ కింద అతికించి ఉంటుంది, చూడ్డానికి వీలుండదు. అక్కడ వోల్టేజీ లెక్కే దిక్కు. రెండు రైళ్ళ ఐసీ ఒక స్పీకర్‌కి ఇవ్వగల గరిష్ఠం: ఒక రైలు వోల్టేజీ వర్గాన్ని, స్పీకర్ ఓమ్‌ల రెట్టింపుతో భాగించాలి. ±40, 8 ఓమ్‌లకి 1600 బై 16, అంటే 100 వాట్లు. అదీ ఏ నష్టమూ లేకపోతే. ఒకే 7294 ఉన్న బోర్డు మీద 8 ఓమ్‌లకి 200 వాట్లు అని రాస్తే ఐసీ సంగతి తర్వాత, రాసినవాడి సంగతే తేలిపోయింది. టీపీఏ3116 ఐసీ ఉన్న బోర్డులకీ ఇదే లెక్క. అది 26 వోల్టులకి మించి తీసుకోదు. 24 వోల్టులు, 4 ఓమ్‌లు అయితే బ్రిడ్జిలో (స్పీకర్ రెండు కొసలనీ ఐసీయే నడిపే పద్ధతిలో) 576 బై 8, అంటే 72 వాట్లకి మించి శుభ్రమైన శబ్దం రాదు. దాన్ని చేసే టెక్సస్ వారే 21 వోల్టుల దగ్గర ఛానెల్‌కి 50 వాట్లు అంటున్నారు.

ఎక్కడ కొనాలి

సరిహద్దు జిల్లాల దుకాణాలకి సరుకు ఒక పక్క కోల్‌కతా చాందినీ చౌక్ నుంచి, ఇంకో పక్క విశాఖపట్నం నుంచి, ఢిల్లీ లజపతరాయ్ మార్కెట్ నుంచి చేతులు మారుతూ వస్తుంది. దుకాణదారుడికీ అది ఎక్కడ పుట్టిందో తెలియదు, చాలాసార్లు మోసపోయేవాడు ఆయనే. ఖరీదైన ఐసీలకి మౌజర్, డిజికీ వంటి అధీకృత పంపిణీదారుల నుంచి తెప్పించుకోవడం ఒక్కటే నిశ్చింత. ఒక్క ఐసీకి రవాణా ఖర్చు భారం కాబట్టి గుణుపురం, రాయగడ, పార్వతీపురం మెకానిక్‌లు నలుగురు కలిసి ఒకే ఆర్డరు పెట్టుకుంటే గిట్టుబాటవుతుంది. అందులో ఒకటి ఎప్పటికీ వాడకుండా నమూనాగా ఉంచుకోవాలి. కాళ్ళ మధ్య డయోడ్ రీడింగులన్నీ ఒక కాగితం మీద రాసి, నగల తూకం మీద బరువు కూడా రాసి, దాంతో పాటే డబ్బాలో పెట్టుకోవాలి. తర్వాత కొనే ప్రతి ఐసీకీ అదే గీటురాయి.

ఆ పంపిణీదారుల వెబ్‌సైట్లో 7293 ధర చూసి, మన బజారులో అందులో నాలుగో వంతుకి కొత్తది ఇస్తామంటే బేరం ఆడాల్సిన అవసరమే లేదు. ఊళ్ళోనే కొనాల్సి వస్తే బిల్లు మీద పూర్తి నంబరు, కంపెనీ పేరు రాయించాలి. నోటిమాట మీద ఒరిజినల్ అన్నవారు బిల్లు మీద ఆ మాట రాయడానికి వెనకాడితే జవాబు దొరికినట్టే. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పార్సిల్ చీటీ కనిపించేలా, కత్తెర పెట్టినప్పటి నుంచి ఐసీ నంబరు దాకా ఒకే వీడియోలో తీయాలి. వాపసు ఇవ్వనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. బిల్లు లేకుండా అక్కడికి వెళ్ళినా ఫలితం అంతంతే.

పోయిన ఐసీని పగలగొట్టి చూడటం కూడా వృథా కాదు. కంటికి అద్దాలు పెట్టుకుని, వైస్‌లో బిగించి, పలకకీ ప్లాస్టిక్‌కీ మధ్య ఉలి పెట్టి కొడితే ముఖం ఊడి వస్తుంది. రాగి పలక మీద అసలుదాని చిప్పు సాధారణంగా కందిబద్దంత కనిపిస్తే, నకిలీది పెసరగింజలో సగమే ఉంటుంది. దాన్ని ఫోటో తీసి దుకాణదారుడికి చూపిస్తే వాదన సగం తగ్గుతుంది.

పగలగొట్టనివాటిని అలాగే చెత్తలో వేయకూడదు. పాత ఐసీలను కిలోల లెక్కన కొనుక్కుపోయే తుక్కు బండికి అవి చేరితే, కాళ్ళకి సీసం పూసుకుని, ముఖానికి రంగేసుకుని అదే బజారుకి తిరిగొస్తాయి. తీసిన ప్రతి ఐసీ కాళ్ళనీ మొదలంటా కటింగ్ ప్లయర్‌తో కత్తిరించి, ఆ తర్వాతే తుక్కులో వేయాలి.